ఎనభై అయిదు అంగుళాల టీవీ, ఒక గడ్డివామి

మీరు ఊఁ కొట్టండి, నేను చెబుతాను. మీ ఊఁ ఆగిన చోట కథ కూర్చుంటుంది, మళ్ళీ వినిపించిన చోట లేచి నడుస్తుంది. పశువులకు మాట, పక్షులకు పెత్తనం, నక్కలకు దుకాణాలు ఉన్న కాలంలో, ఒక అడవి అంచున ఒక దొడ్డి ఉండేది.

ఆ దొడ్డిలో చుక్కన్న అనే ముసలి ఎద్దు ఉండేది. నుదుట తెల్లని చుక్క ఉండడం వల్ల దానికి ఆ పేరు. దుక్కి మొదలు నూర్పు దాకా ఆ ఏటి పని అంతా దాని మెడ మీదుగానే నడిచింది. మాఘం వచ్చేసరికి ధాన్యం గాదెకు చేరింది, గడ్డి వామిగా లేచింది. ఆ గడ్డివామే చుక్కన్నకు వేసవి తిండి. వానలు పడి పచ్చిక మొలిచేదాకా దానికి వేరే ఆధారం లేదు. పాకలో గాడి ముందు కాళ్ళు ముడుచుకుని, కళ్ళు మూసుకుని, నెమరు వేసుకుంటూ నిద్రలోకి జారడం తప్ప దానికి ఇంకే కోరికా మిగలలేదు.

దొడ్డికి పెద్ద డేగరాయుడనే పుంజు. దాన్ని ఎవరూ ఎన్నుకోలేదు. అందరికంటే ముందు లేచి అరుస్తుంది కనుక పెద్ద అయింది. ఒకనాటి ఉదయం అది గాడి అంచు మీదికి ఎగిరి కూర్చుంది.

"చుక్కన్న మామా, నీ కోసం ఒక నిర్ణయం తీసుకున్నాం," అంది.

"నన్ను అడగకుండానా?"

"అడిగితే వద్దంటావని."

కింద నిలబడిన పోలమ్మ అనే మేక తల ఊపింది. "అవునన్నా, నువ్వు దేనికైనా వద్దనే అంటావు. ఏడాదంతా కష్టపడ్డావు, నీకూ ఒక కాలక్షేపం ఉండాలి కదా. పాకలో టీవీ పెడుతున్నాం. గోడకు అతికినట్టు ఉంటుందట, పలకలాగా. చుట్టూ హోమ్ థియేటర్."

"నాకు కావలసింది నిద్ర, పోలమ్మా."

"టీవీ ముందు పడుకో, ఎవరు వద్దన్నారు?" అంది పుంజు. "లే మరి, బండి కట్టాలి."

"బండి ఎందుకు?"

"శరభయ్య దుకాణం నుంచి అంత టీవీని నేను ముక్కున కరుచుకుని రావాలా?"

చుక్కన్న తన విశ్రాంతికి కావలసిన సరుకును తానే లాక్కురావలసి రావడం గురించి ఏదో అనబోయింది. అనడం కూడా ఒక పనే అనిపించి, లేచి వెళ్ళి కాడి కింద మెడ పెట్టింది. ఆ ఒంటెద్దు బండిలో పుంజూ మేకా ఎక్కి కూర్చున్నాయి.

శరభయ్య అనే నక్క దుకాణం అడవి మధ్య ఒక లోతైన గుహలో ఉంది. లోపల పట్టపగలు కూడా చీకటే. ఆ చీకటిలో గోడ పొడవునా టీవీలు వెలుగుతున్నాయి. నడుమ గోడంత టీవీ ఒకటి. దాని పక్కనే యాభై అంగుళాలది ఒకటి, రంగులు తగ్గించిపెట్టడం వల్ల జ్వరం నుంచి లేచినదానిలా పాలిపోయి ఉంది.

"రండి, రండి రాయుడుగారూ! ఏమిటి పోలమ్మగారూ, ఇలా చిక్కిపోయారు? పెద్దాయనా, మీరు వాకిట్లో నిలబడితే ఎలా? లోపలికి దయచేయండి," అంది శరభయ్య.

"నన్ను ఎవరైనా విప్పితే వస్తాను," అంది చుక్కన్న. అప్పటికే లోపలికి వెళ్ళిపోయిన ఆ రెంటికీ ఆ మాట వినిపించలేదు.

శరభయ్య పాలిపోయిన టీవీని తోకతో చూపించింది. "ఇదీ బాగానే ఉంటుంది లెండి, సర్దుకుపోయేవాళ్ళకు." ఆ ఒక్క మాటతో దానివైపు ఇక ఎవరూ చూడలేదు. "ఇదిగో, మీ స్థాయికి తగింది ఇది. ఎనభై అయిదు అంగుళాలు. ఫోర్ కే. ఆకు మీద నూగు కూడా లెక్కపెట్టవచ్చు."

తెర మీద అవిసె తోట ఒకటి మంచుతో తడిసి కనిపించింది. పోలమ్మ నాలుగడుగులు ముందుకు వేసి, తెరను ఒకసారి నాకింది.

"రుచి లేదు," అంది సిగ్గుపడుతూ.

"రుచి వచ్చే ఏడాది మోడల్‌లో వస్తుందమ్మా," అంటూ శరభయ్య తెర తుడిచింది. తరువాత పుంజును గుహ నడుమ కూర్చోబెట్టింది. "రాయుడుగారూ, కళ్ళు మూసుకోండి. ఇది ధ్వని సంగతి."

అయిదు మూలల నుంచి అయిదు స్పీకర్లు ఒక్కసారి కూశాయి. కింద పెట్టిన సబ్‌వూఫర్ పెట్టె ఆ కూతను నేలలోకి దించి మళ్ళీ పైకి తెచ్చింది. డేగరాయుడి ఈకలు నిక్కబొడుచుకున్నాయి.

"ఎంత గొప్ప గొంతు! ఎవరిదయ్యా అది?"

"తమరిదే. పొద్దుటి పూట గాలివాటున వినిపిస్తే పట్టి దాచుకున్నాను."

పుంజు కళ్ళు తెరవలేదు. "ఇంకొకసారి వేయండి," అంది. మూడుసార్లు విన్నాక బేరం అడిగింది.

"తమ దగ్గర బేరమేమిటి? దొడ్డిలో గడ్డివామి ఉందట కదా. అది తోలించండి చాలు. కొండ అవతల గుర్రాలవాళ్ళు నాకు వేరే సరుకు ఇస్తారు."

పుంజు గడ్డి తినదు. మేకకు ఆకు ఉంటే గడ్డి అక్కరలేదు. రెండూ ఒకేసారి సరే అన్నాయి.

వాకిట్లో కాడి కింద నిలబడిన చుక్కన్న తల ఎత్తింది. "వామి ఇచ్చేస్తే చైత్రం నుంచి నేనేం తినాలి?"

"టీవీ చూస్తూ ఉంటే ఆకలి తెలియదట, మామా. అయినా ఇదంతా నీ కోసమేగా!"

"నా కోసమైతే నన్నూ ఒకసారి చూడనివ్వండి."

ఆ మాటకు మేక మొహమాటపడి వచ్చి కాడి తప్పించింది. చుక్కన్న మెల్లగా లోపలికి వచ్చింది. తన పలుపు కొసను మేక నోటికి అందించింది.

"శరభయ్యగారూ, మా పాకకు మూడు వైపులా గుంజలే, గోడ ఒక్కటే. నన్ను కట్టే కొయ్య ఆ గోడ మొదట్లోనే ఉంది. పలుపు అయిదు మూరలు. పోలమ్మా, ఆ కొస టీవీ కిందనున్న రాతికి కట్టు."

మేక కట్టింది. చుక్కన్న పలుపు సాగినంత దూరం వెనక్కి జరిగి నిలబడి చూసింది. తెర మీద ఒక లేడి పరుగెడుతోంది, వెనక చిరుత తరుముతోంది. ఎద్దు తల ఇటు తిప్పింది, అటు తిప్పింది, మళ్ళీ ఇటు తిప్పింది.

"లేడిని చూస్తే చిరుత కనబడదు. చిరుతను చూసి తిరిగేసరికి లేడి ఏమైందో తెలియదు. ఏడాదంతా కాడి మోసిన మెడ ఇది. సాయంత్రం దీనికి మళ్ళీ పని పెట్టకండి. ఆ పక్కన పాలిపోయినదానికంటే కూడా చిన్నవి లేవా?"

"చిన్నవా! వాటిని ఇప్పుడు ఎవరు చూస్తున్నారు పెద్దాయనా? నేను తెప్పించడమే మానేశాను. మీ ఇబ్బంది పలుపుతో కదా? పన్నెండు మూరల పలుపు నేనిస్తాను. ఉచితం."

"విన్నావా మామా, ఉచితమట!" అంది పుంజు.

"పన్నెండు మూరలు వెనక్కి జరిగితే నేను పాక బయట ఉంటాను, రాయుడూ. వానాకాలంలో తడుస్తాను."

"టీవీ లోపలే ఉంటుంది కదా. అది తడవదు," అంది పుంజు ధైర్యం చెబుతున్నట్టు.

చుక్కన్న వాటి ముఖాలు వరుసగా చూసింది. ఆ అయిదు స్పీకర్లు కాసేపు ఊరుకున్న ఆ క్షణంలో, గుహ లోపలి నుంచి ఎవరో తగ్గు గొంతుతో మాట్లాడుతున్నట్టు దానికి వినిపించింది.

"తిరుగు దారి దూరం. కాసేపు నడుము వాలుస్తాను," అంటూ పలుపు విప్పించుకుని, వెనక వేలాడుతున్న గోనెపట్టా వైపు నడిచింది.

శరభయ్య అడ్డం పరుగెత్తింది. "అటు కాదు పెద్దాయనా! అది సరుకు గది! అక్కడ అన్నీ పగిలే వస్తువులు!"

ఎద్దు ఆగలేదు. నడక మొదలుపెట్టిన ఎద్దును ఆపడం నక్క వల్ల అయ్యే పని కాదు. గోనెపట్టా పక్కకు తొలగింది.

వెనక సరుకేమీ లేదు. ఎండుటాకుల పక్క ఒకటి ఉంది. నడుమ నక్క ముడుచుకుని పడుకున్నంత మేర గుంట పడి ఉంది. ఎదురుగా రాతి మీద ఇరవై నాలుగు అంగుళాల పాత టీవీ, అంచులు అరిగినది, దుమ్ము లేనిది. అందులో ఒక ఆవిడ, మూడు రోజులు పొడి వాతావరణమే అని, పక్క ఇంటివారితో చెప్పినట్టు చెబుతోంది. చుక్కన్న ఆ ఆకుల మీద పడుకుంది. మెడ తిప్పే అవసరం రాలేదు. దాని కనురెప్పలు బరువెక్కాయి.

మేకా పుంజూ వెనకే వచ్చాయి. పోలమ్మ పక్కను వాసన చూసింది. "ఇదంతా నక్క బొచ్చే. శరభయ్యగారూ, మీరు పడుకునేది ఇక్కడేనా?"

"అప్పుడప్పుడూ..."

"గుంట చూస్తే అప్పుడప్పుడులా లేదే! ముందు గదిలో గోడంత టీవీ పెట్టుకుని, మీరు చూసేది ఇదా?"

"పగలంతా ఆ వెలుతురు నా కళ్ళలోనే, ఆ మోత నా గుండెలోనే! కొట్టు కట్టేశాక కూడా అదేనా? నా వల్ల కాదమ్మా!" అనేసింది శరభయ్య. అన్న తరువాత గాని తాను ఏమన్నదీ దానికి తెలియలేదు.

"నా వల్లా కాదు శరభయ్యగారూ," అంది చుక్కన్న కళ్ళు తెరవకుండానే. "నాకు ఇదే ఇవ్వండి. రెండు మోపుల గడ్డి పంపిస్తాను."

"అది అమ్మకానికి కాదు! అది నా సొంతం!"

"చిన్నవి ఎవరూ చూడడం లేదన్నారు కదా."

శరభయ్య తన టీవీకి అడ్డంగా వచ్చి నిలబడింది. అంతలో డేగరాయుడు టీవీ పెట్టిన రాతి మీదికి ఎగిరింది. తన గొంతును ఎరగా వేసి తనను పట్టుకోబోయారన్న సంగతి అప్పుడే దాని తలకెక్కింది.

"మర్యాదగా ఇచ్చేయండి," అంది. "లేకపోతే రేపు తెల్లవారి నేను కూసే కూత వేరుగా ఉంటుంది. శరభయ్య అందరికీ అమ్మేది ఎనభై అయిదు, తాను చూసేది ఇరవై నాలుగు అని కూస్తాను. అడవి అంతా వినిపించడానికి నాకు మీ పెట్టెలు అక్కరలేదు."

నక్క పుంజు వంక చూసింది, పుంజు గొంతు వంక చూసింది. తరువాత వంగి, రాతి వెనకనున్న వైరును తానే ఊడదీసింది.

చిన్న టీవీ బండిలో బరువే కాలేదు. ఆ సాయంత్రం దాన్ని గాడి పైన గోడకు తగిలించారు. "ఆకు మరీ చిన్నదిగా ఉంది," అని మేక సణిగింది. "కూత దోమ పాటలా ఉంది," అని పుంజు సణిగింది. చుక్కన్న వినలేదు. వాతావరణం చెప్పే ఆవిడ నమస్కారం పెట్టేలోగానే అది నిద్రపోయింది. బయట గడ్డివామి, ఒక పక్క రెండు మోపుల మేర తగ్గి, నిలిచే ఉంది.

అటు గుహలో శరభయ్య కొట్టు కట్టేసి, ఆకుల పక్కను ఈడ్చుకొచ్చి పెద్ద టీవీ ముందు వేసుకుంది. వాతావరణ వార్త వినకుండా నిద్రపోయే అలవాటు దానికి లేదు. కళ్ళు మూసుకుంటే రెప్పల లోపలికి వెలుతురు వచ్చింది. వెనక్కి తిరిగి పడుకుంటే ఎదుటి గోడ మీద తన నీడే గంతులు వేసింది. మూడు రోజులు అలా గడిచాక, తన దుకాణంలో తాను కొనుక్కోదగిన వస్తువు ఒక్కటీ లేదని శరభయ్యకు తెలిసివచ్చింది.

కొనేవారు చూడవలసినది దుకాణం ముందు వెలిగేదాన్ని కాదు, అమ్మేవాడు అలసిపోయాక ఎదుట పెట్టుకునేదాన్ని.

ఈ కథ నాకు మొదట చెప్పినది, తన జన్మలో టీవీ కొనని మా అమ్మమ్మ, వరహాలమ్మ.