ముందున్నాయన పరుపు

ఏరు దాటి అవతలి రాష్ట్రానికి పోవాలా, ఉన్న ఊళ్ళోనే కిందా మీదా పడి బతకాలా అన్నది మౌలాలికి ఎంతకీ తేలలేదు.

అతను దూదేకులవాడు. ఇంటింటికీ తిరిగి పాత పరుపులు విప్పి, గడ్డకట్టిన దూదిని విల్లుతో ఏకి, మళ్ళీ కొత్తదానిలా కుట్టిచ్చే పని. స్పాంజి పరుపులు వచ్చాక ఆ పనిని పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. ఇంట్లో భార్య ఖాసింబీకి నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే బిడ్డ ఏ ఊరి నీళ్ళు తాగి పెరగాలో శుక్రవారంలోగా తేల్చుకోవాలి. అవతల చూసిన ఇంటికి ఆ రోజే మాటివ్వాలి. ఖాసింబీ పెంచుకున్న మేకల్ని కొనేవాడు కూడా ఆ రోజే వస్తానన్నాడు. మేకలు చెయ్యి దాటాయంటే ఇక వెనక్కి తిరిగి రావడానికి ఇక్కడ ఏమీ మిగలదు.

అందుకని గురువు దగ్గరికి వెళ్ళాడు.

గురువు లాలప్ప తాత పీర్ల చావిడి పక్కన రేకుల పంచలో ఉంటాడు. ఫకీరే గానీ చెయ్యి చాచే ఫకీరు కాదు, ఆయనా దూది ఏకే బతుకుతాడు. దగ్గర చేరినవాళ్ళకు మంత్రాలూ తంత్రాలూ చెప్పింది లేదు. విల్లు పట్టడం నేర్పాడు, అంతే. దానితోపాటు ఒక్క నియమం పెట్టాడు. ఎవరి పరుపైనా సరే, కుట్టు విప్పే ముందు దాని మీద పడుకునే మనిషిని పేరు పెట్టి లేపాలి.

"సుంకమ్మా, తెల్లారింది, లేమ్మా."

అలా అన్నాకే కత్తి పెట్టాలి. జనం నవ్వేవాళ్ళు. "పరుపును లేపేవాడివి పక్కనే మా ఆయన్ను కూడా లేపి పోరాదా, పుణ్యముంటుంది!" అని ఆడవాళ్ళు మేలమాడేవాళ్ళు. పోయినవాళ్ళ పరుపైతే మాత్రం ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. ఎందుకు లేపాలి తాతా అని అడిగితే తాత ఎన్నడూ చెప్పలేదు. మౌలాలి కూడా ఈ మధ్య ఆ మాట నోట్లోనే గొణిగి కానిచ్చేస్తున్నాడు.

"తాతా, ఏరవతల సిరిగేపేట పోయొచ్చినా," అన్నాడు మౌలాలి చతికిలబడుతూ. "అక్కడ బియ్యం మన కంటే చవక. నూనె చవక. కట్టెలైతే అడగొద్దు, మనకాడ మోపు కొనే డబ్బుకు బండెడు వస్తాయి. ఇంటి బాడుగ చెప్తే మీరు నమ్మరు. ఈడ గొడ్లపాక కూడా ఇయ్యరు ఆ బాడుగకి."

తాత విల్లుకు నారి బిగిస్తున్నాడు. తల ఎత్తలేదు.

"నీళ్ళో?"

"వాకిట్లోనే కొళాయి తాతా! తిప్పితే చాలు. మంత్రసాని కూడా మనకాడ కంటే తక్కువే తీసుకుంటాదంట."

"కూరగాయలు?"

"ఊరికే ఇచ్చినట్టే."

"మరింకేం నాయనా. ఇంకోసారి పోయిరా," అన్నాడు తాత. "వచ్చేటప్పుడు ఆ ఊళ్ళో అన్నిటికంటే చవగ్గా ఏది దొరుకుతుందో అది పట్టుకురా. నేనూ చూస్తా."

*

మర్నాడు పొద్దున బస్సు దిగేసరికి సిరిగేపేట కడిగిన పళ్ళెంలా ఉంది. వీధులు తీరుగా ఉన్నాయి. అరుపులు లేవు, కేకలు లేవు. కుక్కలు కూడా అతన్ని చూసి మొరగలేదు. మొదటిసారి వచ్చినప్పుడు ఎంత నెమ్మదైన ఊరో అని ముచ్చటపడ్డాడు. ఇవాళ మాత్రం తన చెప్పుల చప్పుడు తనకే ఎక్కువగా వినిపించింది.

కూరల బండి దగ్గర కూర్చున్నామెను ధర అడిగాడు. చెప్పింది. కట్టెల అడితిలో అడిగాడు. చెప్పారు. ఎవరూ నువ్వెవరని అడగలేదు, ఎక్కణ్ణించి వచ్చావనీ అడగలేదు. అదే మన ఊళ్ళో అయితే కొత్త మనిషి కాలు పెట్టగానే కులం గోత్రం అన్నీ లాగేస్తారు కదా, ఈ బాధ లేదు అనుకున్నాడు మౌలాలి.

కిరాణా కొట్టాయన గడప మీదికి వచ్చిన మౌలాలిని చూసి, అడక్కముందే చేటలోకి బియ్యం పోశాడు.

"ఏమప్పా, ఎప్పట్లాగేనా?"

ఈ కొట్టు గడప మౌలాలి ఇదివరకు తొక్కలేదు. అయినా మర్యాదకు అన్నాడేమోలే అనుకుని, "ధర కనుక్కుందామని వచ్చినన్నా," అన్నాడు. ఆయన ధర చెప్పి బియ్యాన్ని మళ్ళీ బస్తాలో పోసేశాడు. ఇంకో మాట లేదు.

ఇంటాయన తాళంచెవి చేతిలో పెట్టి అరుగు మీదే కూర్చున్నాడు.

"అడ్వాన్సు ఎంత ఇమ్మంటారు?"

"అక్కర్లే."

"పేరూ ఊరూ రాసుకుంటారా?"

"ఎందుకప్పా," అన్నాడు ఇంటాయన. ఆవులించాడు. "నీ ముందున్నాయనది కూడా రాసుకోలేదు."

ఇల్లు ఊడ్చి ఉంది. గోడకు పెద్ద మేకు ఒకటి కొట్టి ఉంది. విల్లు ఎక్కడ తగిలించుకుందామా అని మౌలాలి చెయ్యెత్తితే వేళ్ళు సరిగ్గా ఆ మేకుకే తగిలాయి. మూలన, గోడ వారగా, ఒక పరుపు పరిచి ఉంది. పైగుడ్డ వెలిసిపోయింది గానీ చిరుగు లేదు. లోపల మంచి బూరుగు దూది. నొక్కి చూస్తేనే తెలిసింది.

"దీని సంగతేంది?"

"ముందున్నాయనది. కావాలంటే నువ్వే ఉంచుకో."

"ధర?"

"ధరేముంది. ఊరికే."

మౌలాలికి నవ్వొచ్చింది. తాత అడిగింది దొరికేసింది. ఊరికే వచ్చేదానికన్నా చవకైంది ఏముంటుంది? ముందున్నాయన ఎక్కడికి పోయాడని అడుగుదామని వెనక్కి తిరిగాడు. ఇంటాయన అరుగు మీద కూర్చునే కునుకు తీస్తున్నాడు. ఎదురింటి అరుగు మీద ముసలమ్మా అంతే. ఇంకా ఎండ కూడా ముదరలేదు.

పరుపు చుట్టి నెత్తిన పెట్టుకుని బస్సెక్కాడు. దారంతా అది వెచ్చగా ఉంది. ఎండకు కాబోలు అనుకున్నాడు. ఇంట్లో దానిమీద ఎండ ఎక్కడ పడిందని మాత్రం అనుకోలేదు.

*

"ఇదిగో తాతా, అన్నిటికంటే చవకైంది."

పంచ ముందు మధ్యాహ్నం ఎండలో పరుపు పరిచారు. మౌలాలితోపాటు ఖాసింబీ కూడా వచ్చింది, మేకల్ని తోలుకుని. లాలప్ప తాత పరుపు మీద అరచెయ్యి ఆనించి ఆ చివర నుంచి ఈ చివర దాకా మెల్లగా నడిపించాడు. పసిబిడ్డకు జ్వరం ఉందా అని చూసినట్టు చూశాడు.

"ఎట్లా పడుకునేవాడో చెప్పు," అన్నాడు.

పరుపులో పడ్డ గుంటను బట్టి మనిషిని చెప్పడం దూదేకులవాళ్ళకు కష్టం కాదు. మౌలాలి మోకాళ్ళ మీద కూర్చుని తడిమాడు.

"కుడిపక్కకు తిరిగి పడుకున్నాడు. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకున్నాడు. మొహం గోడవైపు." చెయ్యి ఒకచోట ఆగింది. "కుడిభుజం బాగా దిగిపోయి ఉంది తాతా. ఎముక పక్కకు జారినట్టు. ఇట్లాంటి భుజం..."

"ఊఁ?"

"ఏండ్లకేండ్లు విల్లు మోసినవాళ్ళకే ఉంటాది."

"పడుకో," అన్నాడు తాత.

మౌలాలి ఖాసింబీ వైపు చూసి, ఇబ్బందిగా నవ్వి, పరుపు మీద ఒరిగాడు.

గుంట అతని కోసమే కాచుకుని ఉన్నట్టుంది. తల తలచోట దిగింది. భుజం భుజంచోట దిగింది. ముడుచుకున్న మోకాళ్ళకు ఎక్కడా మిట్ట తగల్లేదు, పల్లం తగల్లేదు. కుడిచెయ్యి దానంతటదే పరుపు అంచుకు పోయింది. అక్కడ కుట్టుదారం ఒకచోట పీకి పీకి పీచులు లేచి ఉంది. వేళ్ళు ఆ పీచుల్ని పట్టుకున్నాయి.

నిద్రలో పరుపు అంచు పీకడం మౌలాలికి చిన్నప్పటి అలవాటు. ఖాసింబీ రోజూ తిట్టేది దానికే.

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "లెయ్," అంది. "లెయ్ లెయ్, నీకు దండం పెడ్తా, లెయ్!"

లేవబోయాడు. ఒళ్ళు బరువుగా ఉంది. కళ్ళ మీదికి హాయిగా, చల్లగా ఏదో దిగుతోంది. అక్కడి బియ్యం చవక, నూనె చవక, కట్టెలు చవక అని ఎవరో చెవిలో జోల పాడుతున్నట్టుంది. ఎవరూ ఏమీ అడగరు. ఎవరూ పిలవరు. తాత జబ్బ పట్టి లాగితే గానీ పైకి రాలేకపోయాడు.

"ఇప్పుడు విప్పు," అన్నాడు తాత, ఏమీ జరగనట్టు.

మౌలాలి కత్తి తీశాడు. కుట్టు దగ్గర పెట్టి ఆగిపోయాడు.

"పేరు తెలీదు తాతా."

"అడగలేదా?"

"బియ్యం అడిగినా, నూనె అడిగినా..." మౌలాలి కత్తి పక్కకు తీశాడు. "ఇది అడగలేదు."

మౌలాలి ఎటూ తోచక, "ఎవరో గానీ... తెల్లారింది, లే నాయనా," అని గబగబా అనేసి కుట్టు కోశాడు. దూది తీసి కుప్ప వేసి, విల్లు దించి, నారి మీద కొయ్యగుండుతో కొట్టాడు.

చప్పుడు రాలేదు.

మళ్ళీ కొట్టాడు. ఏకే విల్లు మోగితే రెండు వీధులకు వినిపిస్తుంది. ఇప్పుడు తడిమట్టి మీద చెప్పుతో కొట్టినట్టు దబ్బుమంది, అంతే. దూది ఒక్క పోగు కూడా పైకి లేవలేదు. మేకలు మేత మానేసి కుప్ప వైపే చూస్తున్నాయి.

"పేరు తెలీకుండా ఎట్లా లేపేది తాతా?"

"తెలిసిన పేరు పెట్టు."

మౌలాలి చాలాసేపు ఆ దూదిని చూశాడు. కట్టకడపటికి, పక్కింట్లో నిద్రపోతున్నవాణ్ణి పిలిచినట్టు గొంతెత్తి పిలిచాడు.

"మౌలాలీ! ఒరే మౌలాలీ! తెల్లారిందిరా, లెయ్!"

నారి మోగింది. కొయ్యగుండు ఇంకా తాకనే లేదు. దూదికుప్ప ఒకసారి ఊపిరి పీల్చినట్టు పొంగి, తెల్లగా, తేలిగ్గా పంచంతా లేచింది. పోగులు జుట్టు మీద, భుజాల మీద వాలాయి.

ఆ పొద్దుకూకేలోగా మౌలాలి దూదంతా ఏకాడు. ఏకినంతసేపూ ఏడుస్తూనే ఉన్నాడు. ఎందుకో తాత అడగలేదు. పరుపు కుట్టడం పూర్తయ్యాక దాన్ని చుట్టి అతని భుజానికి ఎత్తాడు.

"దీని ఊరికి దీన్ని చేర్చు," అన్నాడు.

పోయి అక్కడే ఉండమన్నాడో, దించేసి రమ్మన్నాడో తెలియలేదు. మౌలాలి అడగనూ లేదు. ఈసారి పోతే పేర్లు అడక్కుండా ఉండకూడదని మాత్రం అనుకున్నాడు.

*

శుక్రవారం మేకలు కొనేవాడు వచ్చి, పళ్ళు చూసి, పొట్ట తడిమి, ధర చెప్పాడు. మంచి ధరే. ఖాసింబీ పలుపులు వదల్లేదు.

"చుక్కీ అంటే ఇది వస్తాది. గోరింటా అంటే అది వస్తాది," అంది. "పిలిస్తే పలికేవాటిని అమ్మేదెట్లన్నా? మాతోపాటే వస్తాయిలే."

ఇద్దరూ, రెండు మేకలూ, ఒక విల్లూ, భుజాన పరుపూ. మిట్టమధ్యాహ్నం వేళకు సిరిగేపేట చేరారు. వీధులు అట్లాగే తీరుగా ఉన్నాయి. మొహాలన్నీ అట్లాగే కునుకుతున్నాయి. ఇంటి తాళం తీయకముందే, పొయ్యి వెలిగించకముందే, మౌలాలి నేరుగా కిరాణా కొట్టు గడప ఎక్కాడు.

కొట్టాయన అప్పటికే చేటలోకి బియ్యం పోస్తున్నాడు.

"ఏమప్పా, ఎప్పట్లాగేనా?"

"కాదన్నా," అన్నాడు మౌలాలి. పరుపు దించి గడప మీద పెట్టాడు. "నా పేరు మౌలాలి. ఇది మా ఇంటామె, ఖాసింబీ. ఏరు అవతల నుంచి వచ్చినాం. నీ పేరేందన్నా?"

పోస్తున్న చెయ్యి ఆగిపోయింది. బియ్యం మాత్రం ఇంకొంచెంసేపు జారి, అదీ ఆగింది.

కొట్టాయన మౌలాలి మొహంలోకి మొదటిసారి చూశాడు. నోరు తెరిచాడు. మూశాడు. పైకప్పు వైపు చూశాడు, తక్కెడ వైపు చూశాడు, ఎక్కడో పెట్టి మరిచిపోయిన వస్తువు కోసం వెతికినట్టు తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు.

వీధిలో చుక్కి అరిచింది. ఎదురింటి అరుగు మీద ముసలమ్మ కళ్ళు తెరిచింది.

"ఉండప్పా," అన్నాడు కొట్టాయన మెల్లగా. "చెప్తాను. ఉండు..."

వాళ్ళు ఉన్నారు.