నాలుగు రూపాయల కంబళి

మంత్రి విరూపాక్షయ్యకు తన మీద తనకే అనుమానం వచ్చింది. ఆ తర్వాత ఇక కచేరీలో కూర్చోలేకపోయాడు. ముసురులోనే గుర్రమెక్కి గుట్ట మీది మఠానికి వచ్చాడు. చిన్నప్పుడు తనకు అక్షరాలు దిద్దించిన నంజుండస్వామి ఉండేది అక్కడే.

ఆ సంస్థానం బతుకంతా గొర్రెల మీద, కంబళ్ల మీద. ఉత్తరాన యుద్ధం సాగినన్నాళ్లూ ఎన్ని నేస్తే అన్ని కంబళ్లు సైన్యాలు కొనేశాయి. యుద్ధం ఆగింది. దండు చెదిరిపోయింది. అడిగేవాడు లేక నాలుగు రూపాయల కంబళి ధర సగానికి పడింది.

విరూపాక్షయ్య మనసు వెన్న. వచ్చిన తంటా అంతా దానితోనే. నేతగాళ్ల కడుపు కొట్టనివ్వనన్నాడు. నాలుగు రూపాయలకు తక్కువగా ఎవరూ కంబళి అమ్మకూడదని ఊరూరా దండోరా వేయించాడు. జనం ఆయనకు దణ్ణాలు పెట్టారు. పెట్టి, కంబళి కొనకుండా ఇళ్లకు పోయారు.

మగ్గాలు ఆగాయి. ఉన్ని కాపరుల దగ్గరే ఉండిపోయింది. దానికీ మంత్రిగారి దగ్గర మందు ఉంది. గొర్రెకింత అని పన్ను వేసి, ఆ డబ్బుతో కంబళ్లు తనే కొని కోట గిడ్డంగిలో పెట్టించాడు. కంబళ్లకు పురుగు పట్టింది. పన్ను కట్టలేక కాపరులు గొర్రెలనే అమ్ముకున్నారు.

పొరుగు సంస్థానంలో దొర ఒట్టి బద్ధకస్తుడు. ఏమీ చేయలేదు. అక్కడ ధర పడవలసినంతా పడింది. ఎన్నడూ కంబళి ఎరగని కూలివాళ్లు కూడా కొనుక్కున్నారు. ఏడాది తిరిగేసరికి మగ్గాలు మళ్లీ ఆడాయి. ఇక్కడ మూడో చలికాలం వచ్చినా ఆడలేదు. విరూపాక్షయ్యను లోపల కాల్చుకు తింటున్నది ఇదే.

"నేను తిన్నది లేదు స్వామీ, దాచుకున్నదీ లేదు," అన్నాడు అరుగు మీద కూర్చుని. "ప్రతిదీ వాళ్ల మేలు కోరే చేశాను. మరి ఎందుకు తేరుకోరు? దొంగచాటుగా తక్కువకు అమ్మేవాళ్ల వల్లే అంతా చెడుతోందని కచేరీలో వాళ్లంటున్నారు. నిన్న ఒకడు దొరికాడు, బీరలింగప్ప అని. వాడి మగ్గం జప్తు చేయించాను. రేపు సంతలో అందరి ముందూ దాన్ని నరికించమంటున్నారు. నరికించనా, మాననా?"

స్వామి అరుగు చివరకు చూశాడు. తడిసి ముద్దయిన మనిషి ఒకడు అక్కడ గోడకు ఆనుకుని ఉన్నాడు.

"ఆ బీరలింగప్ప ఇతనే. నీతో చెప్పమని పొద్దున్నే వచ్చి నా కాళ్లు పట్టుకున్నాడు."

బీరలింగప్ప లేచి నిలబడ్డాడు. చంకలో కంబళి ఒకటి ఉంది. మంత్రి వైపు చూసే ధైర్యం లేక స్వామితోనే అన్నాడు. "ఇదొక్కటే మిగిలింది సామీ. దీన్నన్నా అమ్ముకోనీమని చెప్పండి. ఇంట్లో పిల్లోల్లు పస్తులుండారు."

వాన తగ్గాక పోదామని అదే అరుగు మీద ఆగిన కూలిమనిషి మారెక్క ఆ మాట విన్నది. ఆమె ఒళ్లో చంటిబిడ్డ జ్వరంతో వణికిపోతున్నాడు. ఆమె కొంగుముడి విప్పింది.

"రెండు రూపాయలుండాయి. ఇస్తావా అన్నా?"

నేతగాడి చెయ్యి ముందుకు కదిలింది. మంత్రిని చూసి ఆగిపోయింది.

"తక్కువ పడింది నేనిస్తాను," అంటూ విరూపాక్షయ్య గబగబా సంచీలో చెయ్యి పెట్టాడు.

"ఈమెకిస్తావు. గుట్ట కింద ఉన్నవాళ్లకో?" అన్నాడు స్వామి.

"ఖజానా నుంచి ఇప్పిస్తాను."

"ఖజానాకు ఎక్కడిది?"

"గొర్రెల పన్నుదే గదా సామీ," అన్నాడు బీరలింగప్ప. ఆ మాటలో వెటకారమేమీ లేదు. తెలిసింది చెప్పాడు, అంతే.

మంత్రి చెయ్యి సంచీలోనే ఉండిపోయింది.

స్వామి లేచి నేతగాడి చంకలోంచి కంబళి తీసుకున్నాడు. మడత విప్పి మంత్రి ఒళ్లో పరిచాడు.

"వాళ్లిద్దరి మధ్యా కూర్చో నాయనా. నీ ధర వచ్చేదాకా ఇది నీ దగ్గరే ఉండనీ."

అని పూజకు లోపలికి వెళ్లిపోయాడు.

విరూపాక్షయ్య కూర్చున్నాడు. చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. బీరలింగప్ప దోసిలి పట్టి ఆ నీళ్లే తాగి కడుపు నింపుకున్నాడు. బిడ్డ మొదట గట్టిగా ఏడ్చాడు. తర్వాత ఆ ఏడుపు మూలుగులోకి దిగింది. మారెక్క తడి చీరకొంగే మళ్లీ మళ్లీ వాడి చుట్టూ చుట్టింది. ఇద్దరిలో ఎవరూ మంత్రిని ఒక్క మాట అనలేదు. పైగా ఆయనకు ఇబ్బంది కలగకుండా ఒదిగి కూర్చున్నారు. తిట్టినా బాగుండుననిపించింది ఆయనకు.

పూజ ముగించి స్వామి బయటికి వచ్చాడు.

"ధర వచ్చిందా?"

"లేదు స్వామీ."

"బిడ్డకు చలి తగ్గిందా?"

"లేదు."

"ఇతని ఆకలి?"

విరూపాక్షయ్య తల అడ్డంగా ఊపాడు.

స్వామి వంగి, మంత్రి మోకాళ్ల మీది కంబళిని అరచేత్తో తడిమి చూశాడు.

"వెచ్చగానే ఉంది," అన్నాడు.

విరూపాక్షయ్య లేచాడు. కంబళిని రెండు చేతులా ఎత్తి బీరలింగప్పకు ఇచ్చాడు. "సాయంత్రానికి నీ మగ్గం నీ ఇంటికి చేరుతుంది," అన్నాడు. "కంబళి ఎంతకమ్ముతావో ఇక నన్నడక్కు." స్వామి పాదాలు తాకి, మెట్లు దిగి వానలోకి నడిచాడు.

వెనక మాటలు వినిపించాయి.

"ఇదిగో అన్నా, రెండు రూపాయలు."

"పావలా నువ్వే పెట్టుకో అక్కా. బిడ్డకు మందు కావల్ల గదా."

విరూపాక్షయ్య కాళ్లు ఆగిపోయాయి. ఇంకా తక్కువకా! నేతగాడికి నష్టం కదా అని వెనక్కి తిరిగాడు. ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు.

"నువ్వు పో నాయనా," అన్నాడు స్వామి.