ముఖం రాయని పటం

గ్రీసు దేశంలో, సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక కొండ మీది మఠంలో, ఫాదర్ గెరాసిమోస్ అనే వృద్ధ సన్యాసి పూజాపటాలు రాయడం నేర్పుతూ ఉండేవాడు. ఈస్టరుకు ముందు వచ్చే నలభై ఉపవాస దినాల్లో బయటివాళ్ళు కొందరు వచ్చి, మఠంలోనే ఉండి, ప్రార్థనలు చేసుకుంటూ ఆయన దగ్గర ఆ విద్య నేర్చుకునేవారు. రంగుల గురించి అడిగితే ఆయన గంటసేపైనా చెప్పేవాడు. మనిషి గురించి అడిగితే మాత్రం నోరు విప్పేవాడు కాడు. లేచి ఏదో ఒక పని చేసేవాడు. అడిగినవాడు ఆ పనిని చూసి తెలుసుకుంటే తెలుసుకున్నట్టు, లేకపోతే లేదు.

ఒక ఏడు ఆయన దగ్గరికి లెఫ్తేరిస్ అనే నడివయసు మనిషి వచ్చాడు. అతను ఒకప్పుడు బస్సు డ్రైవరు. నాలుగేళ్ళ కిందట కొండదారి మలుపులో అతని బస్సు చక్రాల కింద పడి, తేనెటీగలు పెంచుకునే పంతెలిస్ అనే అతను చనిపోయాడు. పొగమంచులో దారి కనబడలేదనీ, మనిషి అక్కడికక్కడే ప్రాణం విడిచాడనీ లెఫ్తేరిస్ కోర్టులో చెప్పాడు. బస్సులో అప్పుడు ఇంకెవరూ లేరు. కోర్టు అతని మాట నమ్మి వదిలేసింది. ఆ తర్వాత అతను స్టీరింగు ముట్టలేదు. ఒలీవ తోటల్లో కూలిపని చేసుకున్నాడు. మఠానికి ఎందుకొచ్చావని ఎవరైనా అడిగితే, ఈ చేతులకు ఏదైనా మంచి పని నేర్పుదామని, అనేవాడు.

పని బాగానే సాగింది. చెక్క పలకకు గుడ్డ అతికించి, జిగురులో కలిపిన సుద్దపొడిని ఒకదాని మీద ఒకటి ఎనిమిది పూతలు పూశాడు. ఆరాక గరుకు కాగితంతో రుద్ది నునుపు చేశాడు. ఊపిరి బిగబట్టి బంగారు రేకు అద్దాడు. గుడ్డు సొనలో నూరిన రంగులతో క్రీస్తు వస్త్రాన్ని మడత మడతా రాశాడు. ముప్ఫై మూడో రోజుకు ముఖం ఒక్కటే మిగిలింది. అక్కడ ఆగిపోయాడు. మూడు రోజులపాటు కుంచెలు కడగడం, ఆరబెట్టడం తప్ప మరేమీ చేయలేదు. నాలుగో రోజు ఉదయం ప్రార్థన ముగిశాక గురువు ఎదుట నిలబడ్డాడు.

“ఫాదర్, ఆ ముఖం రాసేవాడు ఎలాంటివాడై ఉండాలి?”

వృద్ధుడు లేచాడు. పటాన్ని తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, ముఖం కోసం వదిలిన ఖాళీ మీద వేలి కణుపుతో మెల్లగా తట్టసాగాడు. అంతటా గట్టిగా పలికిన పూత, నుదురు రావలసిన చోట డొల్లగా పలికింది. మళ్ళీ తట్టాడు. మళ్ళీ అదే చప్పుడు.

“ఇక్కడేముంది, నాయనా?”

“గాలిబుడగ,” అన్నాడు లెఫ్తేరిస్ తల దించుకుని. “రెండో పూతలోనే చూశాను. గీకేస్తే రోజులు చాలవని పైన పూసేశాను. ఇప్పుడు కనబడదు, ఫాదర్.”

“కనబడదు,” అని ఒప్పుకున్నాడు గెరాసిమోస్. “ఎన్నాళ్ళుంటుంది?”

“రెండు మూడేళ్ళు. ఏదో ఒక వేసవిలో పెట్లిపోతుంది. ముఖం ఊడి వస్తుంది.”

వృద్ధుడు పటాన్ని బల్ల మీద పెట్టి, దాని పక్కన ఒక ఉలి ఉంచి, తోటలోకి వెళ్ళిపోయాడు.

లెఫ్తేరిస్ చాలాసేపు ఆ ఉలి వంక చూస్తూ కూర్చున్నాడు. ఆపైన గీకడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నపు గంట కొట్టేసరికి చెక్క బయటపడింది. అతని ఒళ్ళో తెల్లటి పొడి, అందులో బంగారపు నలుసులు. భోజనానికి వెళ్ళలేదు. ఒళ్ళు దులుపుకుని, ఎవరికీ చెప్పకుండా కొండ దిగి, పంతెలిస్ ఊరికి నడిచాడు.

పంతెలిస్ భార్య అర్గిరో పెరట్లో కూర్చుని తేనెపెట్టెకు మేకులు కొడుతోంది. అతన్ని చూడగానే గుర్తుపట్టింది.

“ఆ రోజు పొగమంచు లేదమ్మా,” అన్నాడతను.

“తెలుసు,” అంది ఆమె, పని ఆపకుండానే. “ఆ పొద్దున నేను దుప్పట్లు ఆరేశాను. మధ్యాహ్నానికి పెళపెళలాడాయి. కోర్టులో నన్నెవరూ అడగలేదు.”

“నాకు కునుకు పట్టింది. ఇంకొకటి కూడా ఉంది. ఆయన వెంటనే పోలేదు. మాట్లాడాడు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు, సాయానికి ఎవరినీ పిలవకుండా పక్కనే కూలబడ్డాను. అది బయటపడుతుందని, అక్కడికక్కడే పోయాడని చెప్పాను.”

ఆమె సుత్తి కిందపెట్టింది. “ఏమన్నాడు?”

“‘పొద్దున అన్న మాట నేను మనసులో పెట్టుకోలేదని అర్గిరోతో చెప్పు’ అన్నాడు.”

ఆ ఉదయం మొగుడూ పెళ్ళాలు ఏదో చిన్నదానికి పోట్లాడుకున్నారు. నువ్వు ఇంటికి రాకపోయినా నాకొకటే, అని ఆమె అంది. ఆయన మళ్ళీ రాలేదు. ఆ మాట పెట్టుకుని ఆమె నాలుగేళ్ళు బతికింది.

“మళ్ళీ చెప్పు,” అంది. చెప్పాడు. “మళ్ళీ చెప్పు.” మూడోసారీ చెప్పాడు. ఆమె తలగుడ్డ కొసతో ముఖం తుడుచుకుని, లేచి పెరటి తలుపు తీసింది.

“నాలుగేళ్ళు నా దగ్గర దాచావు. ఇక వెళ్ళు.”

క్షమించానని ఆమె అనలేదు. అతనూ అడగలేదు. అటునుంచి అటే పట్నం వెళ్ళి, ఉన్నదున్నట్టు మళ్ళీ వాంగ్మూలం ఇచ్చాడు. కేసు తిరగదోడి, కోర్టు పదిహేను నెలలు జైలు వేసింది.

మూడో ఏడు ఉపవాస దినాలకు లెఫ్తేరిస్ మళ్ళీ మఠానికి వచ్చాడు. ఎక్కడికి వెళ్ళావని గురువు అడగలేదు. కొత్త పలక ఒకటి చేతికిచ్చాడు. ఈసారి పూతలకే సగం రోజులు గడిచిపోయాయి. ముప్ఫై ఎనిమిదో రోజున ముఖానికి అడుగురంగు వేశాడు, ముదురు ఆకుపచ్చ. అది ఆరాక, కంటి కింద మొదటి వెలుగు గీత పెట్టడానికి కుంచె ఎత్తి, దించేశాడు.

“చెయ్యి వణుకుతోంది, ఫాదర్.”

గెరాసిమోస్ తన పటం మీద నుంచి తలెత్తలేదు.

“వణకనీ, నాయనా. ఆ ఏడు ఒక్కసారైనా వణకలేదు. నేను భయపడింది అప్పుడు.”