రాజుగారి పికప్పు, కుండల గాడిద

కుంకుళ్ళకోట రాజు రణమర్దన భూపతికి ఆరోజు పరువు పోయింది. పోయింది కూడా ఎవరి ముందు? కుండలు మోసే గాడిద ముందు.

ఆయనకి ఏడు ఏనుగులున్నా ప్రాణమంతా తన ఎర్ర డీజిల్ పికప్పు మీదే. అలాంటి బండి కోట కొండ ఎక్కుతూ మూడో మలుపులో మూలుగుతుంటే, కుండల వీరన్న గాడిద పక్కనుంచి తాపీగా దాటిపోయింది. దాటితే దాటింది, ఓసారి వెనక్కి తిరిగి చూసింది కూడా!

"అది నన్ను చూసి నవ్విందయ్యా!" అన్నాడు రాజు నిండు సభలో. "రేపు పొద్దున్న ఆ గాడిద రెండో మలుపు చేరాకే మన బండి కింద నుంచి బయల్దేరాలి. అయినా దానికంటే ముందే పైకి చేరాలి. చేరలేదో, ఏమోయ్ గవర్రాజూ, తాళాలు అక్కడ పెట్టి ఏనుగుల సాలకి పో. పేడ ఎత్తుకో."

డ్రైవరు గవర్రాజు గుండెల్లో రాయి పడింది. పన్నెండేళ్లుగా ఆ స్టీరింగే అతని లోకం. పైగా ఏనుగు తోక ఊపినా అతనికి చెమటలు పడతాయి.

"ప్రభూ, బండికి పెద్ద జబ్బేం లేదండి. ఇంజనుకి గాలి ఊదే టర్బో దగ్గర సుయ్యిమని చప్పుడొస్తోంది. ఎక్కడో గాలి పోతోంది. ఓ గంట టైమిస్తే..."

"గాలా!" అని పకపకా నవ్వాడు ఆస్థాన యంత్రభూషణుడు చిదానందం. పట్టు అంగీ, పది వేళ్లకీ పది ఉంగరాలు. జన్మలో స్పానరు పట్టిన పాపాన పోలేదు. "మహారాజా, తమ హోదాకి ఈ టర్బో పిల్లనగ్రోవి. శంఖమంత టర్బో కావాలి! అంతకంటే ముందు ఇంజనుకి ట్యూనింగు. ఇదిగో నా డబ్బా. ఇంజను డీజిలు ఎప్పుడు తాగాలో, ఎంత తాగాలో ఇదే చెబుతుంది."

చవకగా నయమయ్యే జబ్బంటే రాజుగారికి చిన్నతనం. డబ్బా తళతళ చూసి మురిసిపోయాడు.

"తగిలించవయ్యా! రేపు బండి గెలిస్తే శంఖం టర్బో బిగించేదీ నువ్వే, తాళాలూ నీవే."

గవర్రాజు నోరెళ్లబెట్టాడు. బండి ఓడితే తాళాలు పోతాయి. గెలిచినా పోతాయి. ఇదెక్కడి న్యాయం?

సాయంత్రం చిదానందం డబ్బా తగిలించి, దానికి కుంకుమ బొట్టు పెట్టి, "బండి తుడిచి ఉంచు" అని సన్మానానికి వెళ్లిపోయాడు. గవర్రాజు ఇంజను స్టార్ట్ చేసి చెవి పెట్టి విన్నాడు. టర్బో నుంచి ఇంజనుకి గాలి వెళ్లే గొట్టాన్ని బిగించి ఉంచే క్లాంపు వదులైపోయింది. పాత క్లాంపు తీసి కొత్తది బిగించాడు. సుయ్యి మాయం! ఆ తర్వాత ఇంకో చిన్న పని చేసి, టిఫిన్ క్యారేజీ చంకలో పెట్టుకుని, ఈల వేసుకుంటూ ఇంటికి పోయాడు.

తెల్లారింది. ముందు సీట్లో రాజు ఓ పక్క, చిదానందం నడుమన, స్టీరింగు దగ్గర గవర్రాజు. గాడిద రెండో మలుపు చేరగానే పైనుంచి బూర ఊదారు. అంతే, బండి లేచింది! మొదటి మలుపు, రెండో మలుపు, మూడో మలుపు. గాడిద చెవులు నిక్కబొడుచుకుని దారి ఇచ్చింది.

"దాని మొహం చూడండి, దాని మొహం!" అంటూ రాజు కిటికీలోంచి సగం బయటికొచ్చి కేకలు పెట్టాడు.

చిదానందం కళ్లు మూసుకుని తన్మయత్వంలో మునిగిపోయాడు. "వీపు సీటుకి అతుక్కుపోతోందా ప్రభూ? అదంతా నా డబ్బా! ప్రతి మలుపులో దాని బలం నా ఒంటికి తెలుస్తోంది!"

"మరి డబ్బా తీసేస్తే ఎలా ఉంటుందండీ అయ్యగారూ?" అని అమాయకంగా అడిగాడు గవర్రాజు.

"తీసేస్తేనా? మొదటి మలుపు దాటినా నేనే ఏనుగుల పేడ ఎత్తుతా!"

"ప్రభువులు విన్నారుగా?"

"విన్నానోయ్, నువ్వు రోడ్డు చూడు!"

పైకి చేరారు. కోట జనమంతా ఈలలు, చప్పట్లు. రాజు చెయ్యి చాపాడు. గవర్రాజు తాళాలు ఆ చేతిలో పెట్టేశాడు.

"ఆఖరిసారిగా మా ఆవిడ చేసిన దిబ్బరొట్టె రుచి చూడండి ప్రభూ" అని సీటు కింది నుంచి క్యారేజీ తీసి మూత తెరిచాడు.

ఎర్రగా కాలిన రొట్టె మీద అరిటాకు ముక్క. దాని మీద కుంకుమ బొట్టుతో సహా డబ్బా!

చిదానందం పాలిపోయాడు. "ఇది... ఇదిక్కడ..."

"నిన్న సాయంత్రమే తీసేశానండి. పాత వైరు పాత చోటే తగిలించాను."

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. "మరి ఈయన ఒంటికి తెలిసిన బలం సంగతేమిటోయ్?"

గవర్రాజు చేతులు కట్టుకున్నాడు.

"బలం డబ్బాదే ప్రభూ. దారంతా రొట్టె మీదే కూర్చుందిగా, చూడండి నాలుగు వేళ్ల మందాన ఎలా పొంగిందో!"

రాజు నవ్విన నవ్వుకి కిరీటం ఒళ్లో పడింది. క్లాంపు సంగతి విన్నాక ఇంకా నవ్వాడు. తాళాలతో పాటు తన వేలి ఉంగరం కూడా గవర్రాజుకే ఇచ్చి, సగం రొట్టె తినేశాడు.

అప్పటికి గాడిద రొప్పుతూ పైకొచ్చింది.

"డబ్బా దీని మెడలో కట్టండ్రా!" అన్నాడు రాజు.

కట్టారు. గాడిద నాలుగడుగులు వేసింది.

చిదానందం ఉండబట్టలేకపోయాడు. "ప్రభూ, నడక మారింది!"

రాజు కడుపు పట్టుకుని, మాట రాక, ఏనుగుల సాల వైపు వేలు చూపించాడు.