తీతువు కుంటి నడక

తుమ్మలకోన అడవి అంచున ఒక రాళ్ళ బీడు ఉంది. అక్కడ తీతువు పిట్ట, కౌజు పిట్ట ఇరుగుపొరుగున గుడ్లు పెట్టుకుని ఉండేవి. పక్కన గుట్ట మీద ఒక కోతి, కింద పొదల్లో ఒక నక్క కాపురం.

విహారానికి వచ్చినవాళ్ళు మరచిపోయిన డ్రోన్ ఒకటి, అది చూసేది చూపించే తెరతో సహా, కోతికి దొరికింది. అసలే కోతి, ఆపై కల్లు తాగినట్టయింది. పొద్దున లేస్తే దాన్ని ఎగరేసి, ఎవరింట్లో ఏముందో తెర మీద చూడటం, కనబడ్డవాళ్ళకల్లా చూపించి ఇకిలించడం. అదే పని.

తీతువుకు ఒళ్ళు మండింది. గుట్ట మీదికి పోయి నిలదీసింది. "నా ఇంటి మీద నీ తొంగిచూపులేమిటి?"

"నేల నీది సరే. గాలి కూడా నీ తాత సొత్తా?" అంది కోతి.

తీతువు రుసరుసలాడుతూ తిరిగొచ్చింది. "రానీ దాన్ని. నా కుంటి నడక చూపిస్తాను" అంది కౌజుతో.

గుడ్ల దగ్గరికి ఎవరొచ్చినా, రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ వాళ్ళను దూరంగా తీసుకుపోవడం తీతువుల కులవిద్య. ఆ విద్యంటే మన తీతువుకు మహా గర్వం.

"వద్దు వదినా. అది నిన్ను పట్టుకోవడానికి రావడం లేదు, చూడటానికి వస్తోంది. కదలకుండా పడుకో. నువ్వు లేచి చూపిస్తే తప్ప నీ చోటు ఎవరికీ తెలియదు" అంది కౌజు.

"పిరికిదానా!" అంది తీతువు.

మర్నాడు డ్రోన్ రొద చేస్తూ వచ్చింది. కౌజు ముళ్ళపొద కింద ఊపిరి బిగబట్టి గుడ్ల మీదే ఉండిపోయింది. తీతువు అరుచుకుంటూ లేచి, రెక్క ఈడుస్తూ నూరడుగులు కుంటింది. అంత బాగా అది ఎన్నడూ కుంటలేదు. డ్రోన్ వెంట రాలేదు. తీతువు లేచిన చోటి మీదే ఆగి, నాలుగు గుడ్లనూ తీరిగ్గా చూసుకుంది.

ఆ బొమ్మను కోతి నక్కకూ చూపించింది. సాయంత్రం తీతువు నీళ్ళు తాగి వచ్చేసరికి పెంకులు మిగిలాయి.

తీతువు గుండెలు బాదుకుంటూ కోతి దగ్గరికి పోయింది.

"నేను చూశానంతే. తిన్నది నక్క" అంది కోతి. తెర మీంచి తల కూడా ఎత్తలేదు.

నక్కను అడిగితే, "అది చూపించింది, నేను తిన్నాను" అంది.

పది రోజులకు పొద కింద కౌజు పిల్లలు గింజలు ఏరుకోసాగాయి. తీతువు ఆ బీడు వదిలి వెళ్ళిపోయింది. కోతి ఇంకా డ్రోన్ ఎగరేస్తూనే ఉంది.

నీతి: వెంటపడేవాణ్ణి ఏమార్చే ఉపాయం పైనుంచి చూసేవాడి ముందు పారదు, చూసి చూపించినవాణ్ణి అడిగే దిక్కులేని చోట, గుట్టుగా ఉన్నవాడే బతుకుతాడు.