పన్నెండో గుంటలో నిలిచిన ఊకొట్టమ్మ తల్లి

భక్తులారా, ఎండన పడి వచ్చారు, ముందు నీడలో కూర్చోండి. వెనక నిలబడినవారు కాస్త ముందుకు జరగండి. అమ్మవారి ఎదుట అందరికీ చోటుంది.

ఏడు పల్లెల నడుమ వెలసిన ఈ క్షేత్రానికి ఊకొట్టుగుట్ట అని పేరు. గుట్ట పాదాన ఉన్న ఈ మండపానికి పన్నెండు స్తంభాలు. పదకొండు స్తంభాలు నాలుగు పలకలుగా చెక్కినవి. గుట్టవైపున్న పన్నెండోది మాత్రం ఉలి తగలని బండ. ఎవరో చెప్పేది వినడానికి వంగినట్టు కొంచెం లోపలికి ఒరిగి ఉంటుంది. అదే మన ఊకొట్టమ్మ తల్లి. అమ్మకు కళ్లు లేవు, నోరు లేదు. ఒక పక్కన చెవి ఆకారంలో గుంట ఉంది. పసుపూ కుంకుమా అక్కడే పెడతాము.

మొదటిసారి వచ్చినవారికి ఇక్కడొక వింత కనబడుతుంది. కథ చెప్పేవారు జనానికి వీపు పెట్టి, గుట్టకేసి తిరిగి చెబుతారు. పోయిన ఏడాది ఒంగోలు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, "ఏమయ్యా, మాకు వీపు చూపిస్తున్నారు, చందా ఇవ్వలేదనా?" అని అడిగారు. నవ్వాము గానీ, ఆయన అడిగినదానికి జవాబు పెద్దదే. వినండి.

పూర్వం ఇక్కడ మండపమూ లేదు, అమ్మా లేదు. గుట్ట నీడన ఒక చదును నేల ఉండేది. ఎంత గట్టిగా పిలిచినా మారు పలకదు గనుక దీన్ని మూగగుట్ట అనేవారు. ఏడు పల్లెలవారు పున్నమి పున్నమికి సాయంకాలం ఈ నేల మీద చేరి కథలు చెప్పుకునేవారు. చెప్పేవాడు గుట్టకు వీపు పెట్టి నిలబడితే, వినేవారు ఎదురుగా కూర్చుని "ఊ" కొట్టేవారు. "ఊ" ఆగితే కథ ఆగిపోతుంది. అది ఇక్కడి కట్టుబాటు.

ఆ రోజుల్లో పాళెగారి తరఫున తిప్పరాయుడనే అధికారి ఈ పల్లెల మీద అజమాయిషీ చేసేవాడు. ఒకనాడు గుర్రం మీద వచ్చి ఈ నేలను చూసి, "గుడి లేదు, కట్టడం లేదు, ఇది బంజరే. పైరుల్లో పడిన పశువులను కట్టేయడానికి ఇక్కడ బందెలదొడ్డి కట్టిస్తాను" అన్నాడు.

ఏడు పల్లెలవారూ కలిసి కథాసమాజంగా ఏర్పడ్డారు. దానికి పెద్ద చెన్నదాసు, నేతపని చేసే మనిషి, మంచి గొంతున్నవాడు. ఆయన వెళ్లి, "అయ్యా, ఇక్కడ మేమే మండపం కట్టుకుంటాము" అని వేడుకున్నాడు.

"దేనితో కడతావు? కథలతోనా?" అని తిప్పరాయుడు నవ్వాడు. "సరే, చైత్ర పున్నమి నాటి మీ సభ ముగిసేలోపు పన్నెండు స్తంభాలు నిలబెట్టండి. ఒక్కటి తగ్గినా దొడ్డే!"

చెన్నదాసు గుట్ట పాదాన పన్నెండు గుంటలు తవ్వించాడు. "గుంట కనబడుతుంటే నిద్ర పట్టదు, అదే మంచిది" అన్నాడట. ఇక ఏడు పల్లెల్లోనూ కథల సభలు మొదలైనాయి. కథ ముగిశాక చదివింపులు. పెళ్లిలో కానుక ఇచ్చినవారి పేరు పైకి చదువుతారే, అలాగన్నమాట. కుమ్మరులు చదివించారు, గొల్లలు చదివించారు, దారిన పోయే ఉప్పుబండ్లవారు సైతం ఒక సాయంత్రం ఆగి విని, తమ ఎడ్లతో ఒక స్తంభాన్ని లాగించి ఇచ్చారు. చెన్నదాసు గొంతు రాసుకుపోయింది. మిరియాల కషాయం తాగుతూ చెప్పాడు గానీ ఒక్క సభా మానలేదు.

పున్నమి వచ్చేసరికి పదకొండు స్తంభాలు నిలిచాయి. పన్నెండో గుంట మిగిలిపోయింది. ఇవ్వగలిగినవారందరూ రెండేసి సార్లు ఇచ్చి ఉన్నారు. తిప్పరాయుడు వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. కథలు ముగిశాయి.

"ఇంకెవరైనా చదివిస్తారా?" అని చెన్నదాసు అడిగాడు. ఎవరూ కదలలేదు. ఆయన చూపు చివరన కూర్చున్న పుల్లమ్మ మీద పడింది. ఈతాకు చీపుళ్లు కట్టి అమ్ముకునే ముసలమ్మ ఆమె. ఏ సభకూ తప్పినది కాదు. "పుల్లమ్మత్తా, నువ్వేమైనా చదివిస్తావా?" అన్నాడు, ఆశ చావక.

పుల్లమ్మ కంగారుగా లేచింది. "నాకు చదువెక్కడిది నాయనా? చదివించమంటే నేనేం చదివేది? నోటితో చెప్పమంటే చెప్తా."

సభ గొల్లున నవ్వింది. "ఓ పుల్లమ్మక్కా, చదివించడమంటే కానుక ఇవ్వడమే!" అని ఎవరో అరిచారు.

"ఏదైతేనేం, నన్ను అడిగాడు. నా కాడ ఉన్నది అదే" అని ఆమె ముందుకు నడిచింది. "మా ఆయన పోలయ్య చీపుళ్లు కడతా నాకు కథలు చెప్పేవోడు. నలభై ఏళ్లు నేను ఊ కొట్టిందాన్నే గానీ ఏనాడూ చెప్పిందాన్ని కాదు. ఆయన పోయేనాటికి ఒక కథ సగంలో ఉండాది. అడివిపంది తరిమితే ఒక మనిషి ఈతచెట్టు ఎక్కాడు. అప్పటి నుంచీ ఆ మనిషి చెట్టు మీదే ఉన్నాడు. దించేవోళ్లు లేరు. ఇయాల నేను దించుతా."

తిప్పరాయుడు లేచాడు. "కథ నడిచినంతసేపూ సభ ముగియనట్టే, గడువూ తీరనట్టే, తెలుసు. కానీ ఊ కొట్టేవాడు లేకపోతే అది కథ కాదు, మీ కట్టుబాటే గదా! ఎవడు ఊ అంటే వాడి పశువులన్నీ రేపు మా ఊరి దొడ్డిలో ఉంటాయి. కానీయ్ ముసిలీ!"

ఎండాకాలం. దొడ్డిలో కట్టిన పశువు నీళ్లు లేక చచ్చేది. జనం తలలు దించుకున్నారు. పుల్లమ్మ, "ఆ మనిషి చెట్టెక్కి కూకున్నాడు" అని మొదలుపెట్టి ఆగింది. ఊ లేదు. మళ్లీ అన్నది. లేదు. చెన్నదాసు నోరు తెరవబోతే, "నువ్వూరుకో నాయనా, నీ పాడి ఆవు ఈనబోతా ఉండాది" అని ఆమే వారించింది.

అప్పుడామె ఎవరూ చేయని పని చేసింది. జనానికి వీపు పెట్టి గుట్ట వైపు తిరిగింది. "అమ్మా, తరతరాలుగా మేమంతా నీకు వీపు పెట్టే చెప్పినాం. నీకు ఒక్కరమూ చెప్పలేదు. నాకూ నీలాగే వినడమే తెలుసు. ఇయాల నువ్వు విను. ఆ మనిషి చెట్టెక్కి కూకున్నాడు."

గుట్ట లోపలి నుంచి, కుండలో గాలి ఊదినట్టు, "ఊ" అని వినిపించింది.

జనానికి ఒళ్లు జలదరించింది. పుల్లమ్మ మాత్రం, వాకిట్లో పొరుగామెతో మాట్లాడుతున్నట్టు సాగించింది. "కింద పంది కదలదు." ఊ. "మనిషికి ఏం తోచక పందికే కథ చెప్పబట్టాడు." ఊ. "పంది గుర్రుగుర్రుమంటా ఊ కొట్టబట్టింది." ఊ! పసిపిల్లలు నవ్వారు. తల్లులు నోళ్లు మూయబోయి తామూ నవ్వారు. "ఊ కొట్టీ కొట్టీ పందికి కునుకు పట్టింది. మనిషి మెల్లగా, ముళ్లు తగలకుండా జారతా జారతా వచ్చి, నేల మీద కాలు పెట్టాడు."

ఆమె ఆ మాట అన్నంతనే గుట్ట చరియ నుంచి ఒక బండ జారి, ఎవరికీ చిన్న దెబ్బైనా తగలకుండా వచ్చి, పన్నెండో గుంటలో నిలిచింది. ముసలమ్మ వైపు కొంచెం ఒరిగింది. ఒక పక్కన చెవి.

తిప్పరాయుడు తలపాగా తీసి, "ఇంతకీ ఆ మనిషి ఇల్లు చేరాడా, అవ్వా?" అని అడిగాడు.

"ఊ" అన్నది పుల్లమ్మ.

నాటి తెల్లవారుజామున చెన్నదాసు కలలో అమ్మ పలికినది: "ఇకమీదట నాకు వీపు పెట్టవద్దు. ఇచ్చినవారి పేరూ, చెప్పినవారి పేరూ ఒకే గొంతుతో చదవండి. ఊ కొట్టేవారిని తక్కువ చేయకండి, నేనూ వారిలో దాన్నే."

ఆ ఆజ్ఞను కథాసమాజం నేటికీ పాటిస్తున్నది. చైత్రమాసం పొడుగునా ఏడు పల్లెల్లో సభలు జరిపి, వచ్చిన చదివింపులతో మండపం మరమ్మతులూ, ఇక్కడి పిల్లల కథల బడీ, పున్నమి నాటి అన్నదానమూ నడుపుతున్నాము. వెయ్యిన్నూట పదహార్లు ఇచ్చినవారి పేరు చదివిన గొంతుతోనే, ఒక కథ ఇచ్చినవారి పేరునూ చదువుతాము. డబ్బిచ్చి వినకుండా వెళ్లేవారి పేరు మాత్రం, వారు తిరిగి వచ్చి ఒక్క కథకైనా ఊ కొట్టేదాకా చదవము. ఈ విషయంలో ఎంతటివారు చెప్పినా వినము. పున్నమి నాటి తొలి కథ అంతకుముందు ఎన్నడూ కథ చెప్పనివారిదే. మాట పెగలనివారు, సగంలో ఆగిపోయిన దుఃఖం ఉన్నవారు ఈ చెవి దగ్గర నిలబడి చెప్పుకుంటే గుండె తేలికపడుతుందని భక్తుల విశ్వాసం. అమ్మ అందరినీ చల్లగా చూడాలి.

ఇదిగో, రెండో వరుసలో చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చున్న తల్లీ, ఇందాకటి నుంచి మీరే అందరికన్నా బాగా ఊ కొడుతున్నారు. లేచి రండి. ఇటు కాదమ్మా, అమ్మవారి వైపు తిరగండి. మేమంతా మీ వెనకే ఉన్నాం. ఊ...