మెత్తని తారకు చేదునీరు

షువాంగ్‌కి తన జాతకమంటే తలవంపు.

కొండమీది ఆశ్రమంలో నక్షత్రవిద్య నేర్చుకునేవాళ్ళలో ఆమె నోటికి ఎదురు నిలిచినవాడు లేడు. వాదానికి దిగిందంటే నిప్పులో ఉప్పు వేసినట్టే. అలాంటి పిల్లకి జన్మగృహంలో పడింది ఏమిటయ్యా అంటే, తియెన్ తోంగ్. మెత్తని తార. చీనాదేశపు జ్యోతిష్యంలో ఆ పేరు చెబితే ముసలమ్మలు కూడా ముద్దుగా నవ్వుతారు. ఆ తారలో పుట్టినవాళ్ళు పసిపిల్లల్లాంటివాళ్ళట. వేళకింత తిని, కంటినిండా నిద్రపోయి, పోట్లాట వస్తే పక్కకి తప్పుకుంటారట.

"చెల్లీ, నీ తారకి పీఠం ఎందుకే? మంచి దిండొకటి చాలు," అనేవాడు లియాంగ్.

అతను పెద్ద శిష్యుడు, ఆశ్రమం వరసకి అన్న. అతని జన్మగృహంలో సంహార తార, సేనాపతుల తార. ఆ సంగతి అడిగినవాళ్ళకీ చెప్పేవాడు, అడగనివాళ్ళకీ చెప్పేవాడు.

ఊరికే వేళాకోళమైతే షువాంగ్ విదిలించి పారేసేది. కానీ ఆ వసంతంలో, ఏటి ఒడ్డున ఉన్న పట్నంలో నక్షత్రశాల పీఠం ఖాళీ అయింది. కొత్త గురువుని ఆశ్రమమే పంపాలి. పట్నం పెద్దలు కొండెక్కి వస్తారు, వాళ్ళ ముందు లియాంగ్, షువాంగ్ వాదించాలి. గెలిచినవాళ్ళకి నక్షత్రశాల తాళంచెవి. ఆ పీఠం మీద ఇంతవరకూ ఆడది కూర్చోలేదు. అందుకే షువాంగ్‌కి అది కావాలి. మరీ మరీ కావాలి.

అయితే ఆ వాదానికో ఆచారం ఉంది. నోరు విప్పేముందు ఎవరి జన్మతార ఏదో వాళ్ళే సభలో పైకి చెప్పాలి. అది తలుచుకుంటేనే ఆమెకి సభ ఎగ్గొట్టాలనిపించేది.

వాదానికి ముందురోజు ఆమె గురువు యున్‌షిని వెతుక్కుంటూ వెళ్ళింది. ఆయన వంటింట్లో ఉన్నారు. సోయా గింజలు రుబ్బి పిండిన పాలు పెద్ద కుండలో మరుగుతుంటే, పొంగిపోకుండా తెడ్డుతో కలుపుతున్నారు. వంటిల్లంతా కమ్మటి వాసన.

షువాంగ్ ఎడమ అరచెయ్యి చాపింది. ఆ విద్యలో చెయ్యి తిరిగినవాళ్ళకి కాగితం అక్కర్లేదు. పన్నెండు గృహాలూ వేళ్ళ కణుపుల మీదే ఉంటాయి. బొటనవేలు కణుపు నుంచి కణుపుకి జరుపుతూ తారల్ని లెక్కగడతారు.

"చూడండి గురువుగారూ. నేను పుట్టేసరికి కోడి కూసిందనుకుంటే ఈ కణుపు. కూయలేదనుకుంటే ఇదిగో, ఈ పక్క కణుపు. ఇక్కడైతే నాదీ సంహార తారే! ఒక్క కణుపు జరిపితే చాలు."

"మీ అమ్మ ఏమంది?"

"కూసిందనే అంది. నొప్పులు పడుతున్న మనిషికి ఏం తెలుస్తుంది? కోడే కూసిందో, మంత్రసానే అరిచిందో!"

గురువు కలుపుతూనే ఉన్నారు.

"పోనీ, మెత్తని తార అంటే అర్థమేమిటో మీరే చెప్పండి. దెబ్బ పడితే పడి ఊరుకోమనేనా? ఇంతకీ మీ జన్మతార ఏమిటి..." అని, చటుక్కున నాలుక కరుచుకుంది. గురువు పుట్టిన ఘడియ శిష్యులు అడగరాదు. ఆశ్రమంలో అది కట్టుబాటు.

గురువు కుండ దింపి, గూట్లోంచి చిన్న కూజా తీశారు. అందులోంచి ఓ చుక్క ఆమె వేలిమీద వేశారు.

"నాకి చూడు."

నాకింది. మొహం వంకర్లు పోయింది. "తూ! చేదు! ఏమిటిది? విషమా?"

"ఉప్పుమళ్ళలో ఉప్పు ఎత్తేశాక అడుగున మిగిలే నీరు. కుండలో పోసెయ్."

"ఇంత కమ్మటి పాలలోనా? పాడైపోతాయండీ!"

"పోసెయ్."

పోసింది. చూస్తుండగానే నున్నటి పాలు ముక్కలు ముక్కలుగా విరిగి, పచ్చటి నీళ్ళు పైకి తేలాయి.

"చెప్పానా? చెప్పానా లేదా? విరిగిపోయాయి!"

గురువు చిల్లుల చెక్కపెట్టెలో గుడ్డ పరిచి, విరిగినదంతా అందులో వంచి, పైన పలక వేశారు. పలక మీద ఓ బండరాయి పెట్టారు.

"మరి నా ప్రశ్న?"

"నీళ్ళు కారనీ."

"అది కాదు! రేపు సభలో కణుపు జరిపి చెప్పమంటారా, వద్దంటారా?"

"చెయ్యి నీదే కదమ్మా," అన్నారు గురువు, తెడ్డు కడుక్కుంటూ.

మర్నాడు పొద్దున్నే పట్నం పెద్దలు వచ్చారు. వాళ్ళ నాయకుడు దూ అనే ముసలాయన. గడ్డం బొడ్డుదాకా ఉంది, తాళంచెవి నడుముకి వేలాడుతోంది. వచ్చినవాళ్ళకి ఫలహారం పెట్టాలి కదా. గురువు చెక్కపెట్టె తెచ్చి బల్లమీద బోర్లించి, గుడ్డ ఒలిచారు.

జున్నులాంటి తెల్లటి దిమ్మ. అంచులు తీర్చినట్టున్నాయి. ఆయన దాన్ని దారంతో కోసి, మొదటి ముక్క షువాంగ్ ఎడమచేతిలో పెట్టారు. నిన్న తారలు లెక్కగట్టిన ఆ కణుపుల మీదే. అది ఓసారి వణికి, అలాగే నిలబడింది.

షువాంగ్ దాన్ని వేలితో నొక్కి చూసింది.

"ఇవి నిన్నటి పాలేనా?" అంది.

"తిను. సభకి వేళయింది."

సభలో లియాంగ్ ముందు లేచాడు. "నా జన్మతార సంహార తార!" స్తంభాలు అదిరాయి. పెద్దలు గడ్డాలు నిమురుకున్నారు.

షువాంగ్ లేచింది. బొటనవేలు దానంతటదే పక్క కణుపు మీదికి పాకింది. పట్టుకుని వెనక్కి లాక్కొచ్చి, పాత కణుపు మీద నొక్కింది.

"నా జన్మతార తియెన్ తోంగ్. మెత్తని తార."

వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. లియాంగ్ అయితే దాచుకోలేదు కూడా.

దూ ఒక జాతకపటం విప్పి గోడకి వేలాడదీశాడు. "పేరు చెప్పం. ఈ మనిషి ఎలాంటివాడో మీరు చెప్పాలి. ఆ మనిషి ఈ సభలోనే ఉన్నాడు. తప్పో ఒప్పో మాకు తెలుసు."

పటం చూడగానే లియాంగ్ మొహం వెలిగిపోయింది. జన్మగృహంలో తియెన్ తోంగే! పైగా దానికి సరిగ్గా ఎదురింట్లో, దెబ్బలు తెచ్చే కత్తి తార.

"ఇందులో వాదించడానికి ఏముందండీ? మా చెల్లెలి తారే," అన్నాడు. "ఈ మనిషి తిండిపోతు, నిద్రమొహం. పని అంటే పక్కింటి వైపు చూస్తాడు. ఎదురింట్లో కత్తి ఉంది కాబట్టి ఆ కాస్త సుఖమూ మిగలదు. మెత్తనివాణ్ణి చూస్తే ఎవరికైనా మొత్తబుద్ధే కదా! ఒక్క దెబ్బకి విరిగిపోతాడు. పాపం, అంతే."

సభ ఘొల్లుమంది. షువాంగ్ నవ్వులు ఆగేదాకా నిలబడింది. ఎప్పుడూ మాట పూర్తికానివ్వని పిల్ల అలా ఆగడం లియాంగ్ అంతవరకూ చూడలేదు.

"అన్న చెప్పింది సగం నిజం," అంది. "మొత్తబుద్ధి అవుతుంది. మొత్తారు కూడా. కానీ అన్న అక్కడ ఆగిపోయాడు. మొత్తాక ఏమయిందో అడగండి!"

సభ సద్దుమణిగింది.

"ఎదురింటి కత్తిని శాపం అన్నాడు. ఆ కత్తే లేకపోతే ఈ మనిషి కుండలో పాలలా కమ్మగా ఉండి, రెండోరోజుకి పులిసిపోయేవాడు. ఈ మనిషికి చిన్నప్పుడే పెద్ద దెబ్బ తగిలింది. విరిగిపోయాడనే ఊరంతా అనుకుని ఉంటుంది. నేనూ అనుకునేదాన్నే, నిన్నైతే. విరిగాకే ఇతనికి ఒక రూపు వచ్చింది. మీద ఎంత బరువు పడితే అంత గట్టిపడ్డాడు. ఆ తర్వాత ఎన్నడూ గొంతు పెంచి ఉండడు. నిలబడ్డచోటి నుంచి ఎవరూ కదిపి ఉండరు. ఇతని చేతి కూడు ఓ ఊరంతా తిని ఉంటుంది. ఆ మనిషిని లేవమనండి. నేను చెప్పింది తప్పైతే, అన్న చెప్పినట్టు దిండు పట్టుకుని పోయి పడుకుంటాను!"

ఎవరూ లేవలేదు. లియాంగ్ పెదవి మీద నవ్వు మొలిచింది.

అప్పుడు సభకి ఓ మూల, ఖాళీ పళ్ళాలు ఎత్తుతున్న గురువు యున్‌షి, వాటిని బల్లమీద పెట్టి, చేతులు తుడుచుకుని, నెమ్మదిగా వచ్చి పటం కింద కూర్చున్నారు.

లియాంగ్ మొహంలో నెత్తురుచుక్క లేదు.

దూ లేచి నిలబడ్డాడు. "ఏరు పొంగిన ఏడు నేను కుర్రాణ్ణి. ఈయన ఇల్లూ వాకిలీ, అమ్మా నాన్నా, అందరూ ఒక్కపూటలో ఏటిపాలయ్యారు. పొద్దెక్కేదాకా లేవని కుర్రాడని ఈయనకి మా పట్నంలో పేరు. ఏటిగట్టు మీద పొయ్యి పెట్టి, నీరు తీసేదాకా మా అందరికీ గంజి కాచి పోసింది ఈయనే. గట్టు తెగుతుంది పొమ్మని మా నాన్న చెప్పినా పోలేదు, అధికారి చెప్పినా పోలేదు." అని, నడుముకి ఉన్న తాళంచెవి విప్పి, రెండు చేతులతో షువాంగ్‌కి అందించాడు.

సభ లేచి కేకలు పెట్టింది. ఇందాక కిసుక్కుమన్నవాళ్ళ గొంతులే అన్నిటికన్నా పెద్దగా వినిపించాయి. షువాంగ్ తాళంచెవి పైకెత్తింది. ఎండపడి అది మెరిసింది.

లియాంగ్ వచ్చి గురువు కాళ్ళమీద పడ్డాడు. "గురువుగారూ, తమరిని... తిండిపోతు, నిద్రమొహం అన్నాను..."

"నిద్ర సంగతి నిజమేరా," అన్నారు గురువు. "మానలేకపోతున్నాను."

షువాంగ్ మూట కట్టుకుని బయల్దేరుతుంటే ఆయన గుమ్మందాకా వచ్చారు. చేతిలో చేదునీటి కూజా.

"పట్నంలో సోయా గింజలు దొరుకుతాయి. ఇది దొరకదు. తీసుకెళ్ళు."

షువాంగ్ కూజాని చూసింది. తర్వాత, గోడవారన తలొంచుకుని నిలబడ్డ లియాంగ్‌ని చూసింది.

"వద్దండీ," అంది. "అన్నని తీసుకెళ్తాను."

లియాంగ్ తలెత్తాడు. "నేనా? వచ్చి నీ కింద పనిచెయ్యాలా?"

"కింద కాదు. నా ఎదురింట్లో ఉండు. ఇప్పటిలాగే రోజూ నన్ను తిడుతూ ఉండు."

లియాంగ్ ఆమె మూట అందుకుని భుజాన వేసుకున్నాడు.

గురువు కూజాకి మళ్ళీ మూత బిగించారు.

"అయితే ఇది నాకే ఉండనీ," అన్నారు.